పత్తి కలిపిన మట్టి

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాక నేను కుక్కలకు తోడుండే పనిలో పడ్డాను. వెతుక్కుని పడలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే పొద్దున లేచింది మొదలు మా ఆవిడకీ నాకూ పేచీ. ఆ పేచీలోంచి నన్ను బయటికి లాగింది ఊళ్ళోని కుక్కలే. మా చిలకలూరిపేటలో ఒకప్పుడు కుక్కంటే వీధిలో ఉండేది, పెట్టినరోజు తినేది, పెట్టనిరోజు మొరిగేది. ఇప్పుడు ఇంటికొకటి సోఫా ఎక్కి పడుకుంటోంది. వాళ్ళు ఆదివారం వాడరేవు వెళ్ళాలన్నా, పెళ్ళికని రెండ్రోజులు ఊరు దాటాలన్నా దాన్నెవరు చూస్తారని బెంగ. “కాంపౌండరు గారైతే సూదిమందు కూడా వేస్తారు” అని ఎవరో మొదలుపెట్టారు. ఆరేళ్ళుగా నా సంచీ భుజం దిగలేదు.

మా ఆవిడకు ఈ పని గిట్టదు. కుక్కను ముట్టుకున్న చేత్తో గుమ్మం దాటనివ్వదు. పెరట్లో పంపు కింద స్నానం చేశాకే లోపలికి. చలికాలంలో ఆ పంపు కింద నిలబడి నేను తిట్టుకునే తిట్లు ఏ కుక్కా విని ఉండదు.

పరాయి ఇంట్లో కాపలా అంటే దొంగల భయమనుకుంటారు జనం. దొంగలెవరూ రాలేదు నేనున్నన్నాళ్ళూ. ఉన్న భయమంతా గాజు సామానుతోనే. మన ఇంట్లో కళ్ళు మూసుకుని నడుస్తాం. పరాయి ఇంట్లో తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియదు, కుళాయి ఎటు తిప్పాలో తెలియదు, ఏ చెంబు ఏ చెంబు మీద ఎలా నిలబడి ఉందో తెలియదు. పది రోజులుంటే ఏదో ఒకటి పగలాల్సిందే. టీ కప్పులు పగలగొట్టాను, గోడ గడియారం అద్దం పగలగొట్టాను, ఒకరింట్లో మిక్సీ జార్ మూత పగలగొట్టాను.

మొదటి ఏడాది ఒకరింట్లో దీపం మీది గాజు బుట్ట నా మోచెయ్యి తగిలి పగిలింది. వాళ్ళకు పిల్లి ఉంది. పిల్లి పడేసిందని చెప్పాను. నోరు లేనిది కదా, నన్ను కాదనదు అనుకున్నాను. ఆ గాజు బుట్ట వాళ్ళకు ఎంత ప్రాణమో నాకు తెలియదు. వారం తర్వాత అటు వెళితే పిల్లి లేదు. సంచిలో వేసి చేపల మార్కెట్టు దగ్గర వదిలేసి వచ్చామన్నారు. ఆ బూడిద రంగు పిల్లి కోసం నేను ఇప్పటికీ చేపల మార్కెట్టు దగ్గర కళ్ళు తిప్పుతాను. కనపడలేదు.

అప్పటినుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. ఏది పగిలినా చిన్న ముక్కతో సహా ఏరి కవర్లో కట్టి ఉంచడం, ఆ రోజే ఫోను చేసి చెప్పడం ఒకటి. నోరు లేని జీవి మీద నెట్టకపోవడం రెండోది. చెప్పగానే ఎవరూ కొట్టలేదు. “పోనీలెండి, దిష్టి పోయింది” అనేవాళ్ళే ఎక్కువ. ముక్కలు చూసుకుని అతికించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఏ వస్తువు ఎవరికి ఏమిటో బయటివాడికి తెలియదు, అందుకే పారేసే హక్కు బయటివాడికి లేదు. ఇంత తెలిసినవాణ్ణి నేను. తెలిసీ చేశాను.

ఆ ఇల్లు మా వీధికి నాలుగు వీధుల అవతల. ఇంటాయన జిన్నింగ్ మిల్లులో పత్తి చూసే మనిషి. రైతు బండి ఆపగానే బోరెం సంచిలోంచి గుప్పెడు పత్తి లాగి, రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య పింజను సాగదీసి, ఎంత పొడుగో ఎంత గట్టిదో చెప్పేవాడు. ఆయన చెప్పాక మిషన్లో పెట్టి చూసినా అదే వచ్చేదట. ఆయనకూ నాకూ స్నేహం కలిసింది పత్తి దగ్గరే. మాది దూది ఏకిన ఇల్లు. మా నాన్న ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులూ దిళ్ళూ కుట్టేవాడు. నమాజు మాది, ఇంట్లో మాట తెలుగు. ఆ విల్లు చప్పుడు గురించి ఆయన నన్ను అడిగి అడిగి చెప్పించుకునేవాడు.

రెండేళ్ళ కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, సగం మాట పోయాయి. కాలు కొంత తిరిగి వచ్చింది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఇంటావిడ ఆయన్ని హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపించడానికి తీసుకెళుతూ, పన్నెండు రోజులు కుక్క దగ్గర ఉండమని నన్ను అడిగింది. అది నాటు కుక్క, గోధుమ రంగుది. దానికి మూర్ఛ. పూటకో మాత్ర తప్పకుండా పడాలి. ఆమె నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తుంది. పిల్లలు లేరు వాళ్ళకు.

మాత్రల డబ్బా హాల్లో షోకేసు పై అరలో ఉండేది. కింద పెడితే కుక్క అట్ట నమిలేస్తుంది. మూడోరోజు పొద్దున మా ఆవిడ ఫోను చేసింది. నీళ్ళ మోటారు తిరగటంలేదని, ఊళ్ళో కుక్కలకు ఊడిగం చేసే మనిషికి సొంత ఇంటి మోటారు పట్టదని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి ఆమె మీద అరుస్తూనే, చూడకుండా చెయ్యి పై అరలోకి పోనిచ్చి డబ్బా లాగాను. డబ్బాతోపాటు ఇంకేదో వచ్చి మార్టూరు బండలు పరిచిన నేల మీద పడింది. చప్పుడు పెద్దగా రాలేదు. మట్టి కదా.

చూస్తే వినాయకుడు. రంగు లేదు, కాల్చలేదు, అరచేతిలో పట్టేంత. తల ఒకవైపు, కడుపు ఒకవైపు, తొండం ఎక్కడో. కళ్ళకు పెట్టిన గురివింద గింజలు రెండూ కుర్చీ కిందికి దొర్లాయి. కడుపు ముక్క మీద కుంకుమ బొట్టు అలాగే ఉంది. నేను ఫోను కట్టేశాను. కుక్క వచ్చి మట్టిపొడి వాసన చూస్తుంటే దాన్ని వంటింట్లో పెట్టి తలుపు వేశాను.

అప్పుడు నా బుర్రలో ఒక మాట నాది కాని గొంతుతో వినపడింది. సాయిబు వినాయకుణ్ణి పగలగొట్టాడు. ఈ ఊళ్ళో నన్నెవరూ అలాంటి మాట అన్నవాళ్ళు లేరు. చవితి పందిళ్ళకు చందా ఇచ్చాను, పులిహోర తిన్నాను, మా పక్కింటి వినాయకుణ్ణి ఆటో ఎక్కించడానికి భుజం పట్టాను. కానీ ఈ మధ్య ఫోన్లలో తిరిగే మాటలు నేనూ చూస్తున్నాను. ఇంటావిడ అలాంటి మనిషి కాదని నాకు తెలుసు. తెలిసినా వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టాను. అది టీ కప్పు అయితే ముక్కలు కవర్లో కట్టేవాణ్ణి. దేవుడి ముక్కల్ని కవర్లో ఎలా కట్టను?

వీధి మొగలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె దగ్గరికి వెళ్ళాను. ఊరికే అడిగినట్టు అడిగాను.

“ఏమ్మా, దేవుడి బొమ్మ పగిలితే మీవాళ్ళు ఏం చేస్తారు?”

“భిన్నమైందా? ఇంట్లో ఉంచకూడదండి. అరిష్టం. దారిన పోయకూడదు, ఒకరు తొక్కకూడదు. పారే నీళ్ళల్లో కలిపెయ్యాలి. ఎవరింట్లో?”

“ఎవరింట్లోనోలే.”

నాకు దారి దొరికింది. ముక్కలన్నీ ఏరాను. గురివింద గింజలు ఏరాను. పొడిని తడిగుడ్డతో అద్ది తీశాను. నమాజుకు వాడే ఉతికిన తువ్వాలు ఒకటి నా సంచిలో ఉంటుంది, అందులో మూటగట్టాను. మోపెడ్ మీద ఊరు దాటి సాగర్ కాలువ దగ్గరికి వెళ్ళాను. పత్తి లారీలు మిల్లులకు వెళ్ళే రోజులు. దారి పొడుగునా తుమ్మముళ్ళకు పత్తి తగులుకుని ఉంది. చెప్పులు గట్టున విడిచి, మోకాళ్ళ లోతు దిగి, మూట విప్పి రెండు చేతులతో నీళ్ళలో పట్టుకున్నాను. కాల్చని మట్టి, వేళ్ళ మధ్యే మెత్తబడి జారిపోయింది. నాకు తెలిసినంత మర్యాదగా చేశాను.

గట్టెక్కి చెప్పులేసుకుంటుంటే మనసు తేలికైంది. వాళ్ళ పద్ధతి ప్రకారం, వాళ్ళకంటే శ్రద్ధగా చేశానని కాస్త గర్వం కూడా కలిగింది. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, అందులో మర్యాద పావు వంతు. ముప్పావు భయం. ఆ ముక్కలు ఎవరి కంటా పడకూడదన్న తొందరకు నేను మర్యాద అని పేరు పెట్టుకున్నాను.

ఫోను చేసి చెప్పాలన్నది నియమం. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకు దేవుడు పగిలాడని ఎలా చెప్పడం, వచ్చాక ఎదురుగా చెబుదాంలే అని వాయిదా వేశాను. ఇంటావిడ రోజూ సాయంత్రం ఫోను చేసేది. కుక్క తిన్నదా, మాత్ర వేశారా అని. అన్నీ బాగున్నాయమ్మా అనేవాణ్ణి. బాగున్నాయన్నంతసేపూ షోకేసు వైపు వీపు పెట్టి నిలబడేవాణ్ణి.

ఆరోరోజు సాయంత్రం ఆమె గొంతు వేరుగా ఉంది.

“అన్నయ్యగారూ, ఒక్క పని చేసిపెట్టండి. షోకేసు పై అరలో మట్టి వినాయకుడు ఉంటాడు చూడండి. ఒక ఫోటో తీసి పంపండి.”

నేను షోకేసు వైపు తిరిగాను. ఆమె చెప్పుకుపోయింది.

“ఇక్కడి డాక్టరు గారు కుడి చేతి మీద ఆశ పెట్టుకోవద్దన్నారు. ఈయన ఎదురుగానే అన్నారు. రెండ్రోజుల నుంచి మెతుకు ముట్టలేదీయన. ఆ వినాయకుడు ఈయన చేసిందే. కుడి చేత్తో. పోయిన చవితికి ముందు వ్యాయామం చేయించే అమ్మాయి రోజూ మట్టిముద్ద పిసికించేది, ఒకరోజు ఏమైందో, చెయ్యి పలికింది. గంటన్నర కూర్చుని చేశారు. మళ్ళీ పదిహేను రోజులకు పక్షవాతం రెండోసారి దెబ్బ కొట్టింది, అదీ పోయింది. నేను నిమజ్జనం కూడా చెయ్యలేదు. మా అత్తగారు తిట్టింది, చవితి వినాయకుణ్ణి ఇంట్లో ఉంచుకుంటావా అని. ఎలా కలుపుతానన్నయ్యగారూ, ఆ చెయ్యి ఒకసారి వచ్చిందనడానికి నా దగ్గర అదొక్కటే ఉంది. ఈయనకు చూపిస్తాను. ఒకసారి వచ్చింది మళ్ళీ వస్తుందని చెబుతాను.”

ఆ క్షణాన చెప్పి ఉండాల్సింది. పగిలిందమ్మా, నా చేతిలో పగిలింది, కాలువలో కలిపానని. నోటి దాకా వచ్చింది. ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్న ఆడమనిషి చెవిలో ఆ మాట వెయ్యడానికి నాకు నోరు రాలేదు. జాలి అనుకున్నాను. పిరికితనం కూడా అంతే ఉంది.

“ఫోనులో కెమెరా పనిచెయ్యటం లేదమ్మా. బాగు చేయించి ఎల్లుండి పంపుతాను” అన్నాను.

ముక్కలుంటే అతికించేవాణ్ణి. కనీసం ముక్కలున్నాయమ్మా అని చెప్పేవాణ్ణి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. ఇంటావిడ అత్తగారిని లెక్కచెయ్యకుండా దాచుకున్న బొమ్మను, నేను ఇస్త్రీ బండి ఆమె మాట విని నీళ్ళలో వదిలేశాను.

మర్నాడు కుక్కకు మాత్ర వేసి కాలువ గట్టుకు మళ్ళీ వెళ్ళాను. వెతకడానికి కాదు, మట్టికి. సంచినిండా తెచ్చి వాళ్ళ పెరట్లో కూర్చున్నాను. మా మతంలో బొమ్మ చెయ్యడమే తప్పంటారు. మొక్కే బొమ్మ చెయ్యడం గురించి ఎవరినీ అడగలేదు, అడిగితే ఏం చెబుతారో తెలుసు కనక. మా ఆవిడకు ఈ రోజు వరకూ చెప్పలేదు.

వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందని సామెత. నాది రివర్సు. మొదటిది మరీ బాగా వచ్చింది. ఎద్దుకు సూది గుచ్చి ఆరితేరిన చెయ్యి నాది, వణుకు లేదు. పక్షవాతం వచ్చిన మనిషి చేసినట్టు లేదు. పిసికేసి ఎడమ చేత్తో మొదలుపెట్టాను. పడ్డప్పుడు చూసిన ఆ కాసేపట్లో గుర్తున్నది ఎంత? ఒక చెవి పెద్దది. తొండం పొట్టిది. అది ఎటు తిరిగి ఉందో ఎంత ఆలోచించినా రాలేదు. ఎడమకు తిప్పాను, ఎక్కువ బొమ్మలకు అలాగే ఉంటుంది కదా అని.

ఎండలో పెడితే మధ్యాహ్నానికి కడుపు మీద పగులిచ్చింది. నల్లరేగడి ఎక్కువ కలిసిన మట్టి, ఆరితే చీలుతుంది. మా నాన్న మట్టిపొయ్యి చేసేటప్పుడు పగలకుండా దూదిపోగులు కలిపేవాడు. నాకు అదే గుర్తొచ్చింది. రోడ్డు మీదికి వెళ్ళి తుమ్మముళ్ళకు తగులుకున్న పత్తి పీకి తెచ్చి, గింజ తీసి, వేళ్ళతో విప్పి మట్టిలో కలిపి మళ్ళీ ఎడమ చేత్తో చేశాను. పూజ సామాను కొట్లో గురివింద గింజలు, కుంకుమ తెచ్చి కళ్ళూ, కడుపు మీద బొట్టూ పెట్టాను. చేస్తున్నంతసేపూ కుక్క నా ఎదురుగా పడుకుని చూస్తూనే ఉంది. దానికి నోరు లేనందుకు మొదటిసారి సంతోషించాను, వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఈసారి చీలలేదు. ఎనిమిదోరోజు కిటికీ వెలుతురులో, పై అరలో పెట్టి ఫోటో తీసి పంపాను.

సాయంత్రం ఇంటావిడ ఫోను చేసింది. “చూశారన్నయ్యగారూ. చాలాసేపు చూశారు. చూసి నవ్వారు. పెరుగన్నం తిన్నారు, మొత్తం తిన్నారు. మీరు చేసిన మేలు మర్చిపోలేను.”

ఆ మాటకు నాకు సంతోషమే కలిగింది. అబద్ధమైతేనేం, ఒక మనిషి అన్నం తిన్నాడు కదా అనుకున్నాను. వాళ్ళొచ్చేదాకా ఆ నాలుగు రోజులూ నేను అన్నం సరిగా తినలేదు.

పన్నెండోరోజు పొద్దున కారు దిగారు. కుక్క ఆయన కాళ్ళ చుట్టూ తిరిగి తిరిగి పడిపోయేంత పని చేసింది. ఇంటావిడ ఆయన్ని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళి పై అరలోంచి వినాయకుణ్ణి తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. “చూసుకోండి, మీ చెయ్యి చేసిందే కదా” అంది. నాకు టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. నేను సంచీ సర్దుకుంటున్నట్టు వంగి ఉన్నాను. వెంటనే వెళ్ళిపోవాలని ఉంది.

ఆయన ఎడమ చేత్తో బొమ్మను తిప్పి అడుగు భాగం మీద బొటనవేలు రాశాడు. రాసినచోటే రాశాడు. తర్వాత గోటితో ఏదో పట్టి లాగాడు. సన్నటి పోగు ఒకటి వచ్చింది. దాన్ని పళ్ళతో ఒక కొస పట్టుకుని, ఎడమ చేత్తో రెండో కొస సాగదీశాడు. సాగదీసిన పోగును వెలుతురులో చూశాడు. మిల్లులో వేల బస్తాల పత్తి చూసిన మనిషి.

“పొడుగు... పింజ” అన్నాడు. మాట ముద్దగా ఉన్నా నాకు అర్థమైంది. నా వైపు చూశాడు. “నాది... కాదు. దూది... మీ ఇంటి పని.”

నేను ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడుతూ ఉండగానే అంతా చెప్పాను. డబ్బా లాగడం, నేల మీద పడటం, నా భయం, సాయిబు పగలగొట్టాడంటారన్న భయం, కాలువ, ఎడమ చెయ్యి, ముళ్ళ మీది పత్తి. ఏదీ దాచలేదు. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

“కరిగిందా?” అన్నాడు.

“చేతిలోనే కరిగింది.”

 ఆయన ఏడుస్తున్నాడేమోనని తల ఎత్తి చూడలేకపోయాను. నాకే ఏడుపొచ్చింది.

“చెల్లెమ్మ రాగానే చెబుతాను. ఆమె ఏమన్నా పడతాను” అన్నాను.

ఆయన ఎడమ చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు అంత గట్టిగా ఉంటుందని నేననుకోలేదు.

“ఒద్దు” అన్నాడు. ఊపిరి తీసుకుని ఒక్కొక్క మాటే పేర్చాడు. “ఫోటోలోనే... తెలిసింది. నా తొండం... కుడికి. అది చూసి... తను... నవ్వింది. అన్నం... తింది. డాక్టరు చెప్పాక... నాలుగు రోజులు... తను తినలేదు. అందుకని... నేనూ... నవ్వా.”

ఇంటావిడ టీ పట్టుకుని వచ్చింది. నా మణికట్టు మీద ఆయన చెయ్యి చూసి, “ఏంటండీ, అన్నయ్యగారిని పట్టుకున్నారు?” అంది.

“ఉండమని” అన్నాడాయన. చెయ్యి తీశాడు.

తను కూడా ఒక గ్లాసు తీసుకుని మా ఎదుట కూర్చుంది. చిక్కిపోయింది, కళ్ళ కింద నలుపు పట్టింది, అయినా మొహంలో వెలుగుంది. రేపటి నుంచి మళ్ళీ మట్టిముద్ద పిసికిస్తానంది. డాక్టర్లు అలాగే అంటారంది. ఆయన తల ఊపుతూ విన్నాడు. ఆయన కుడి చెయ్యి ఒళ్ళోనే ఉంది, వేళ్ళు లోపలికి ముడుచుకుని. ఆ చేతిలో రోజూ ఆమె ముద్ద పెడుతుంది, ఆయన రోజూ ప్రయత్నించినట్టు కూర్చుంటాడు. అదంతా నాకు అప్పుడే కళ్ళముందు కనపడింది. చెప్పేస్తే నా బరువు దిగుతుంది. దించుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ఆమె ఆయన ఒళ్ళోంచి వినాయకుణ్ణి తీసి నా ముందుకు వంగింది.

“మీకు చూపించలేదు కదూ అన్నయ్యగారూ. ఇదిగో, కడుపు మీద ఇక్కడ చూడండి. బొటనవేలు నొక్కిన గుర్తు. గీతలతో సహా పడింది. ఆయనదే. ఇన్నాళ్ళూ నేనే గమనించలేదు, ఆసుపత్రిలో మీ ఫోటో పెద్దది చేసి చూస్తే కనపడింది. అప్పటినుంచి రోజూ ఫోటోలోనే దీని మీద నా వేలు పెట్టి దణ్ణం పెట్టుకుంటున్నాను.”

ఆయన నా వైపు చూడలేదు. కుక్క తల మీద ఎడమ చెయ్యి వేసి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను టీ గ్లాసు రెండో చేతిలోకి మార్చుకుని, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

“ఆయనదేనమ్మా” అన్నాను.